వీపు చూసి నడిచే మంద

నేను పుట్టుపిరికిదాన్ని. బల్లి మీద పడితే నేను అరిచే అరుపుకి వీధి చివరి కుక్కలు లేస్తాయి. కుక్కరు కూత పెట్టే వేళకి వంటింట్లో ఉండను. మా అత్త పాప్పమ్మాళ్ అంటుంది కదా, నన్ను తీసుకుపోవడానికి యముడికి పాశం కూడా అక్కర్లేదట, దున్నపోతు మెడగంట వినబడితే చాలు, నేనే పోతానట. అట్లాంటిదాన్ని నేను. ఆ ఏడు చిత్తిరై నెలలో, ఎండలు ముదిరే వేళ, మా ఊరి దారికి అడ్డంగా రౌండానా తెరిచారు.

మదురై నుంచి ఒకటి, తేని నుంచి ఒకటి, దిండిగల్ నుంచి ఒకటి, తిరుమంగలం నుంచి ఒకటి. నాలుగు పెద్ద రోడ్లు వచ్చి, మధ్యనున్న గుండ్రటి దిబ్బను చుట్టి, ఎటు పోవలసినవి అటు పోతాయి. అయిదోది మా ఊరి రోడ్డు. పెద్దల పంచాయితీలో చిన్నపిల్ల తల దూర్చినట్టు అదీ వచ్చి ఆ గుండ్రంలోనే కలుస్తుంది. రెండేళ్లు దుమ్ము రేపి కట్టారు. కట్టినన్నాళ్లూ మాకేం ఇబ్బంది లేదు. తెరిచిన మర్నాటి నుంచి నేల అదరడం మా గడపలో కూర్చున్నా కాళ్లకి తెలిసేది.

ఆ రౌండానాకి ఇవతల మా ఊరు, అవతల కణ్మాయి. కణ్మాయి అంటే మా పొలాలకు నీళ్లిచ్చే చెరువు. ఎండాకాలంలో నీళ్లు తగ్గాక దాని అడుగున మొలిచే గడ్డే మా మందకు ఆధారం. ఇవతలి బీళ్లన్నీ ప్లాట్లయిపోయి రాళ్లు పాతుకున్నాయి. చుట్టూ తిరిగి పోదామంటే ఆరు కిలోమీటర్లు, ఆ నడివేసవి కత్తిరి ఎండలో పశువులు పడిపోతాయి. కాబట్టి రోజుకు రెండుసార్లు ఆ చక్రాన్ని దాటాలి.

మంద అంటే ఇంటి గొడ్లు కావు. తంబిరాన్ మాళ్లు, అంటే దేవుడి పశువులు. తరాల కిందట ఈ తమిళ దేశానికి వచ్చిన మా తెలుగువాళ్లందరికీ కలిపి అవి ఉమ్మడి సొమ్ము. వాటి పాలు అమ్మరు, వాటిని అమ్మరు, కర్ర ఎత్తరు, ముక్కుతాడు వేయరు. మందకు ముందు నడిచే పెద్ద ఆబోతు సలగెద్దు, దానితో కలిపి పదకొండు. ఆరు తరాలుగా మా మామ ఇంటివాళ్లే వాటిని కాస్తున్నారు. మా మామ చెన్నకేశవన్‌కి అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. ఆయన నా పెనిమిటికి తండ్రి, అంతకుముందే మా అమ్మకు అన్న. అమ్మ పోయాక ఏడేళ్ల పిల్లని నన్ను భుజాన వేసుకొని వచ్చినవాడు. తర్వాత తన కొడుకు ఈశ్వరన్‌కే ఇచ్చి చేశాడు గనుక, నేను ఆ ఇంట్లోంచి కదిలిందీ లేదు, ఆయన్ని మామా అనడం మానిందీ లేదు.

మొదటి రోజు ఆయన వెనకాలే పోయి మా రోడ్డు మొదట్లో నిలబడ్డాను. ఆయన కాళ్లకు చెప్పుల్లేవు, తలకు తువ్వాలు. “హో... బా... బా...” అని ఒక్క కూత కూసి రోడ్డు మీద కాలు పెట్టాడు. వెనక పదకొండు పశువులు వరసగా. లారీలు, బస్సులు, కార్లు, ఇనప చువ్వలు వెనక్కి వేలాడే ట్రాక్టర్లు, అన్నీ ఒకేసారి హారన్ కొట్టాయి. ఆయన నడక మారలేదు. దిబ్బ ఎక్కి, దిగి, అవతలికి పోయాడు. అప్పుడు చూసుకుంటే చీర కుచ్చిళ్లు నా గుప్పిట్లో నలిగి చెమటకు తడిసిపోయి ఉన్నాయి.

“మామా, పక్కగా పోరాదా? నడిమిట్లో ఎందుకు పోతుండావు?” అన్నాను సాయంత్రం.

“నడిమిట్లో నేను పోలే తాయీ,” అన్నాడు ఆయన గంజి తాగుతూ. “మా తాత నడిసిన బాట అది. వాళ్లే వచ్చి మా బాట మీద కూకున్నారు.”

ఆయనతో వాదించడం గోడతో వాదించడమే. తిరుప్పూరులో బనియన్ కంపెనీలో పనిచేసే మా ఆయనకు ఫోన్ చేశాను. ఆదివారాలు మాత్రమే వచ్చే మనిషి. “నాయన ఎవురి మాట వింటాడు ఆనందీ? నీవు పోయి నిలబడొద్దు, నీకు మయక్కం వచ్చి పడిపోతే దారిన పొయ్యేవాళ్లు నిన్ను ఎత్తాల్సి వస్తుంది,” అని నవ్వాడు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? తండ్రికి లేని భయం కొడుక్కి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది!

సుంగుడి చీరలకు, రంగులో చుక్కలు తేలేలా, ముడులు కట్టే పని చేస్తాను నేను. ఒక్కో చీరకి వేల ముడులు. ఆ నెలలో దారం బిగించిన ప్రతిసారీ చెవులు రోడ్డు వైపే ఉండేవి. బ్రేకు కీచుమంటే చేతిలో ముడి జారిపోయేది. రెండు చీరలు తిరిగొచ్చాయి కూడా.

రెండోవారం ఇంకో గండం. రౌండానా దిబ్బ మీద గడ్డి నాటి, రోజూ ట్యాంకరుతో నీళ్లు పోసేవాళ్లు. చుట్టుపక్కల పది మైళ్లలో పచ్చగా ఉన్నది అదొక్కటే. దేవుడి సొమ్మయితే మాత్రం నోరు ఊరదా? ఒక పొద్దున మంద దిబ్బ ఎక్కి అక్కడే తిష్ట వేసింది. పదకొండూ తలలు వంచి మేస్తున్నాయి. చుట్టూ బండ్లు తిరుగుతున్నాయి, బస్సు కిటికీల్లోంచి జనం ఫోన్లు చాపి పటాలు తీస్తున్నారు. నడుమ మామ చేతులు కట్టుకొని, సంతలో బేరం కుదరని రైతులా నిలబడ్డాడు. జనం నవ్వారు. నాకు మాత్రం మందలో అన్నిటికన్నా చిన్నదైన ఎర్రపెయ్య ఒక్కటే కనబడుతోంది. అది అంచుదాకా వచ్చి మేస్తోంది. దాని తోక బస్సు చక్రాలకు జానెడు దూరంలో ఆడుతోంది.

మరునాడు పొద్దున్నే బజారుకు పోయి కొత్త తాడు కొనుక్కొచ్చాను.

“ఏంది తాయీ ఇది?” అన్నాడు మామ.

“తాడు మామా. సలగెద్దుకు ఒక్కదానికి ఏస్తే సాలు. దాన్ని పట్టుకోని నడిపిస్తే మిగతావి వచ్చేస్తాయి గదా.”

అత్త రెండు చెంపలూ వాయించుకుంది. “ఇంట్లో పలకాల్సిన మాటేనా ఇది! కళ్లు పోతాయి!”

మామకు కోపం రాలేదు. తాడును చేత్తో సాగదీసి చూశాడు. “మంచి తాడు. బావి చేదకు ఏసుకుందాం.” నా మొహం చూసి, పక్కన కూర్చోమని తిన్నె మీద తట్టాడు. “ఇను. తాడు ఎందుకు లేదంటే, దానికి బదులు వేరొకటి ఉండాది. ముందర నడిసేవాని వీపు సూస్తే మాళ్లు నడుస్తాయి. మొగం సూస్తే నిలుస్తాయి. అంతే. అందుకే నేను వెనక్కి తిరిగేది లే. నడిమి రోడ్లో తిరిగినానా, అట్టే నిలుసుకుంటాయి అన్నీ.”

“హారన్ కొడితే?”

“కొట్టేది వాని పని. నడిసేది నా పని.”

“ఎవురన్నా పిలిస్తే?”

“ఇంటికొచ్చి పిలవమను,” అని నవ్వాడు. “పిరికిపిల్లా, పోయి నాకింత కాపీ పెట్టు.”

ఆ మాట నేను విన్నాను. బాగా విన్నాను. వినలేదని ఈనాటికీ అనలేను.

ఆ తర్వాత నాకు కాస్త ఊపిరాడేలా చేసింది జెబమలర్. రౌండానాలో బండ్లను ఆపే హోంగార్డు. ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో, ఎండకు కమిలిన మొహం, మెడలో చిన్న శిలువ, నోట్లో ఎప్పుడూ విజిల్. నేను రోడ్డు పక్కన నిలబడి “పోయేస్తివా మామా, ఎక్కేస్తివా మామా” అని గొణుక్కుంటుంటే దగ్గరికొచ్చింది.

“అక్కా, మీది తెలుగా? మా ఇంట్లోనూ ఇదే మాట. మా అమ్మ రైల్వేలో ఊడ్సే పని,” అంది. తర్వాత మామ పోయిన వైపు చూసి, “ఏమక్కా, పెద్దాయన అట్లా తలకాయ తిప్పకుండా పోతుండాడు? నేను విసిల్ ఊదితే కూడా సూడడే!” అంది.

చెప్పాను. వీపు సంగతి, మొహం సంగతి. ఆ పిల్ల చేతి గడియారం చూసుకుంది. “దాటనీకి ఎంతసేపు పడుతుంది?”

“రెండున్నర నిమిషాలు.” నాకు క్షణాలతో సహా తెలుసు. రోజూ ఊపిరి బిగబట్టేది నేనే కదా.

“పొద్దున ఏడుకి, సాయంత్రం అయిదుకి. సరిగ్గా రమ్మను. మదురై బండ్లు, తిరుమంగలం బండ్లు నేను ఆపుతా. ఎస్సై తిడితే తిట్టనీ.”

అప్పట్నుంచి ఏడు కొట్టేసరికి ఆ పిల్ల రెండు చేతులు చాపి నిలబడేది. మామ ఆమె వైపు చూసేవాడు కాదు గాని, దాటేటప్పుడు తువ్వాలు తీసి చంకలో పెట్టుకునేవాడు. మర్యాద. మూడు వారాలు అట్లా గడిచాయి. నా భయం పోలేదు. వాకిట్లో కట్టేసిన కుక్కలా ఒక మూల పడుకుంది.

ఆ మరుసటి నెల, వైకాసిలో, ఒకనాటి సాయంత్రం జెబమలర్ నా చేయి పట్టుకుంది. “అక్కా, రేపు ఎవురో పెద్ద పార్టీ తలైవర్ వస్తున్నారంట. మా అందర్నీ మదురై లోపలికి ఏసినారు. తాతను రేపు పొద్దునే వద్దను, మద్దేన్నం వస్తాను నేను.”

మామకు చెప్పాను. “మద్దేన్నం అంటే తారు కాళ్లు కాల్చేస్తుంది మాళ్లకు,” అన్నాడు. “ఆ పిల్ల రాకముందు నేను దాటలేదా?”

మరునాడు ఏడుకు నేను మామూలు చోటే నిలబడ్డాను. ఆపేవాళ్లు లేక బండ్లు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ తిరుగుతున్నాయి. మామ కాసేపు చూశాడు. సందు దొరకగానే కూత కూసి అడుగుపెట్టాడు. సలగెద్దు వెనకే పోయింది. దాని వెనక ఆవులు. అన్నిటికన్నా చివర ఎర్రపెయ్య నా పక్కనుంచే రోడ్డు మీదికి దిగింది.

అప్పుడే కుడివైపు నుంచి మొక్కజొన్న బస్తాల లారీ వచ్చింది. ఇప్పుడు చెప్పగలను, అది దూరంగానే ఉంది. ఆ డ్రైవరే తర్వాత పోలీసులతో చెప్పాడు, పెద్దాయన దాటేస్తున్నాడని గేరు తగ్గించానని. కాని నా కంటికి అది మామ మీదికే వస్తున్నట్టు కనబడింది. రెండు నెలలుగా గొంతులో అణుచుకున్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది.

“మామా!” అని అరిచాను.

మామ తిరిగాడు. మంద ఆగింది.

అన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి, సలగెద్దు మెడ ఎత్తి ఆయన మొహం చూస్తూ. మామ కళ్లు పశువుల మీద లేవు. వాటి మీదుగా ఎవరి కోసమో వెతుకుతున్నాయి. లారీవాడు బ్రేకు తొక్కి బండిని పక్కకు తిప్పాడు. దాని వెనక వస్తున్న చిన్న వ్యానుకు ముందేముందో తెలియదు. ఎడమ పక్కనుంచి దూసుకొచ్చి మామను కొట్టింది. పశువుల్లో ఒక్కదానికి కూడా గీత పడలేదు.

ఆస్పత్రిలో తొమ్మిది రోజులు. ఎడమ కాలు మోకాలి కిందికి తీసేశారు. నాలుగో రోజు దాకా ఆయనకు పూర్తిగా తెలివి రాలేదు. ఈశ్వరన్ తిరుప్పూరు నుంచి వచ్చి బెంచీ మీద తల పట్టుకు కూర్చున్నాడు. “నేను ఇక్కడుండి ఉంటే ఇట్లయ్యేదా?” అన్నాడు. “ఆ పొద్దు తలుపు గడి పెట్టి ఆపలేకపోతి, మహాపాపిని,” అంది అత్త. జెబమలర్ యూనిఫారంలోనే పరుగెత్తుకొచ్చి, “యేసప్పా, నేను సీక్‌లీవ్ పెట్టి ఉండాల్సింది,” అని ఏడ్చింది. లారీ డ్రైవర్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడి చేతులు జోడించి పోయాడు. తప్పు మాదంటే మాదని అందరూ పంచుకుంటున్నారు. నేను నోరు మూసుకొని కూర్చున్నాను. రోడ్డు మీద అంత రొదలో నా అరుపు ఎవరికీ వినబడలేదు.

ఒక్క ఆయనకు తప్ప. అదీ నా భయం. ఇన్నాళ్లూ ఆయన చచ్చిపోతాడని భయపడ్డాను. ఇప్పుడు బతికించమని మీనాక్షమ్మకు మొక్కుకుంటూనే, కళ్లు తెరిచి నన్ను అడుగుతాడేమోనని వణికాను. ఎంత నీచమైన భయమో నాకు తెలుసు. తెలిసినా పోలేదు.

అయిదో రోజు పోలీసాయన కాగితం పట్టుకొని వచ్చాడు. నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను.

“పెరియవరే, నడు రోట్ల ఏన్ తిరుంబినీంగ?” నడిరోడ్డు మీద ఎందుకు తిరిగావని ఆయన ప్రశ్న.

మామ పైకప్పు వైపు చూశాడు. “ఏదో సత్తం కేట్టదు సార్,” అన్నాడు. ఏదో చప్పుడు వినబడిందట.

పోలీసాయన అదే రాసుకొని పోయాడు. మామ నా వైపు చూడలేదు. చూడకపోవడం ఇంకా భయమేసింది.

ఇంటికొచ్చాక మంద సంగతి తేలాలి. ఈశ్వరన్ సెలవు పెట్టి ముందు నడిచాడు. ప్రమాదం రోజున వాటంతటవే దొడ్డి చేరిన పశువుల్లో ఒక్కటి కూడా బయటికి అడుగుపెట్టలేదు. కోసి తెచ్చిన గడ్డి వేస్తే సగం తిని వదిలేశాయి. ఆవులు రోజంతా అరిచేవి, మామ మంచం మీదనుంచి ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి ఊరుకోబెట్టేవాడు. పెద్దలు నలుగురు వచ్చి తిన్నె మీద కూర్చున్నారు. ఆండిపట్టి అవతల, కొండ కింద మా వాళ్ల పల్లె ఒకటి ఉంది, అక్కడ రోడ్డూ లేదు, రౌండానా లేదు. మందను అక్కడికి పంపేద్దామన్నారు. ఆరు తరాల కాపలా. మామ ఏమంటాడోనని అందరూ ఆయన మొహం చూశారు. “సరి,” అన్నాడు. అంతే అన్నాడు. లోపలికి పోయి అత్త ఒక్కతే ఏడ్చుకుంది.

ఆ పల్లె నుంచి గోవిందరాజ్ అనే అతను వచ్చి పన్నెండు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. దొడ్లోనే పడుకున్నాడు, మామ దగ్గర కూత నేర్చుకున్నాడు. మొదట కోతిలా కూశాడు. తర్వాత కాస్త మామలా కూశాడు. పన్నెండో రోజుకు సలగెద్దు అతని వెనక నాలుగడుగులు వేసింది.

బయలుదేరే పొద్దు మామ తానూ రౌండానా దాకా వస్తానన్నాడు. ఆటోలో కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చున్నాను. ఈశ్వరన్ మంద చివర నడుస్తున్నాడు. జెబమలర్ ఎవరితో ఏం మాట్లాడిందో, ఆ రోజు అయిదు రోడ్లూ ఆగిపోయాయి. ఆమె మధ్యలో, ఇంకో ముగ్గురు హోంగార్డులు తలో రోడ్డు మొదట్లో. అంత పెద్ద చక్రం ఖాళీగా ఉండగా నేను మొదటిసారి చూశాను. గోవిందరాజ్ కూత కూసి నడిచాడు. పదకొండు పశువులు గిట్టల చప్పుడు వినబడేలా తారు మీద నడిచాయి. మామ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. అలవాటుగా పిలుపు వచ్చేస్తే వెనక్కి వచ్చేస్తాయని.

ఎర్రపెయ్య కూడా తేని రోడ్డు మలుపు తిరిగిపోయింది. జెబమలర్ చేతులు దించింది. బండ్లన్నీ మళ్లీ ఒక్కసారిగా కదిలాయి.

ఇంక నా వల్ల కాలేదు.

“మామా,” అన్నాను. “ఆ పొద్దు పిలిచింది నేను.”

“తెలుసు.”

“మరి పోలీసాయన అడిగితే...”

“వానికేం సెప్పేది?” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కళ్లు ఇంకా తేని రోడ్డు మీదే ఉన్నాయి. “రెండు నెల్లు, ఆనందీ. బస్సోడు తిట్టె, లారీవోడు తిట్టె, పోలీసోడు విసిల్ ఊదె. ఒక్కసారన్నా తిరిగితినా?”

“లే.”

“నీ గొంతు వింటి. నిన్ను ఏదో బండి కొట్టేసిందనుకుంటి తాయీ.”

ఆటో అతను పోదామా అని అడిగాడు. అప్పటిదాకా పశువులు పోయిన దారినే చూస్తున్న మామ అప్పుడు నా వైపు తిరిగి, ఎక్కడా దెబ్బ తగల్లేదు కదా అన్నట్టు, తల నుంచి కాళ్ల దాకా నన్నొకసారి చూసుకున్నాడు.